బొంగరం నిద్రపుచ్చిన పిల్ల

కదలకుండా ఉండటం ఒక మనిషికి నేర్పగలమా? ఇన్నేళ్ళయినా నాకు జవాబు దొరకలేదు. కుట్టుపని నేర్పవచ్చు, ఈత నేర్పవచ్చు. కానీ పుట్టిన దగ్గర్నుంచి కాలు నిలవని మనిషిని కూర్చోబెట్టి, నీ లోపల తిరుగుతున్నదాన్ని కాసేపు ఆపుకో అని ఎలా చెప్తాం? చెప్తే ఆగిందే అనుకోండి, నిజంగా ఆగిందో, మన కోసం బిగబట్టుకుందో చూసేవాళ్ళకు ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న నాకు అంటించి వెళ్ళింది బొంగరం. ఆమె ఇప్పటికీ పసిపిల్లల పనిలోనే ఉందని, ఊరికి అవతలి కొసన ఒక కేంద్రాన్ని తనే చూసుకుంటోందని విన్నాను. ఇప్పుడైనా కూర్చుంటోందో లేదో చెప్పినవాళ్ళు లేరు.

అప్పట్లో మేమున్న మేడ కింది అంతస్తులో పసిపిల్లల సంరక్షణ కేంద్రం ఉండేది. పనికి వెళ్ళే తల్లులు పొద్దున్నే పిల్లల్ని దింపి, సాయంత్రం తీసుకెళ్ళేవారు. ఏటా ఒకరో ఇద్దరో అక్కడ పని చేస్తూనే పని నేర్చుకోవడానికి చేరేవారు. ఏడాది పాటు పిల్లలతో పని, మధ్యమధ్య పాఠాలు, చివర్లో పరీక్ష. నెగ్గితే అలాంటిదే మరో కేంద్రంలో ఉద్యోగం దొరుకుతుంది. నేను పై వాటాలో ఉండేదాన్ని. పిల్లలు చింపిన బొమ్మల పుస్తకాలు అతికించి పెట్టడానికి రోజూ కిందికి దిగేదాన్ని. వరండా మొదట్లో ఒక చిన్న బల్ల, గమ్ము డబ్బా నాకిచ్చారు. ఆ బల్ల దగ్గర్నుంచి పడకగదీ వంటగదీ రెండూ కనిపించేవి.

కొత్తగా చేరినవాళ్ళను మొదటి వారం మోకాళ్ళ మీద నడిపించడం అక్కడి పద్ధతి. కేంద్రం నడిపే ఆవిడను అందరూ పెద్ద టీచరు అనేవారు. ఆవిడ ఒకటే మాట చెప్పేది. "పిల్లలెంత ఎత్తుంటారో అంత ఎత్తు నుంచి చూడు. బల్ల అంచు ఎక్కడ తగులుతుందో, కోపంగా వచ్చే మనిషి మోకాళ్ళు ఎలా కనిపిస్తాయో అప్పుడే తెలుస్తుంది." మామూలుగా రెండో రోజుకే చేరినవాళ్ళు నడుం పట్టుకుని మూలిగేవారు. ఈ మనిషి మాత్రం ఒక్క పూటలో కేంద్రమంతా చుట్టేసింది. చెప్పుల గూళ్ళ దగ్గర మొదలుపెట్టి, చేప, గొడుగు, కుందేలు బొమ్మలు అంటించిన కొక్కాల కిందుగా, పొట్టి కుళాయిల పక్కగా, చాపలు చుట్టి పెట్టే అర దాటుకుని, వంటగది గుమ్మం దాకా మోకాళ్ళ మీదే వచ్చేసింది. తల లోపలికి పెట్టి, "వదినా, ఇక్కణ్ణుంచి చూస్తే మీ పొయ్యి కొండలా ఉంది" అంది.

వంటామె ఉలిక్కిపడి గరిటె కింద పడేసింది.

"నీకు నేను వదిననెప్పుడయ్యాను?"

"ఇప్పుడే. మీకు తమ్ముడుంటే చెప్పండి, వరస సరిపోతుంది."

"ఉన్నాడు గానీ వాడికి కళ్ళు తిరిగే జబ్బు. నీలాంటి బొంగరాన్ని చూస్తే ఉన్నచోటే పడిపోతాడు."

అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. సాయంత్రానికి పిల్లలు కూడా బొంగరమత్తా అని పిలవడం మొదలుపెట్టారు.

ముప్ఫై నిండని మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేది. పని అంటే విసుగు లేదు. ఒకే పని అంటేనే విసుగు. బట్టల కొట్లో చేసింది, మందుల కొట్లో చేసింది, బస్సుల దగ్గర టిక్కెట్లు అమ్మింది. ఎక్కడా కుదురుకోలేదు. వీధి చివర బట్టలు కుట్టే కొట్టు వాళ్ళ అక్కది. అక్కా బావల ఇంట్లోనే ఉండేది. ఒక మధ్యాహ్నం ఆ అక్క, చెల్లెలు మర్చిపోయిన భోజనం డబ్బా పట్టుకొచ్చి నా బల్ల దగ్గర నిలబడింది. మెళ్ళో టేపు, జాకెట్టుకు గుచ్చిన సూదులు.

"ఎలా చేస్తోందండీ మా చెల్లెలు?" అని అడిగింది.

"బాగానే చేస్తోంది."

"మొదట్లో అన్నిచోట్లా బాగానే చేస్తుందండీ. అది ఉద్యోగాలు మారినన్నిసార్లు నేను సూదిలో దారం మార్చలేదు." నవ్వింది గాని ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. "ఈసారి గట్టిగా చెప్పేశాను. ఇది కూడా మధ్యలో వదిలేస్తే ఇక నా కొట్లో కూర్చుని కాజాలు కుట్టాల్సిందే. మా ఆయన కూడా అదే అన్నారు. ఇంకో అవకాశం లేదు."

గుండీలు దూర్చే ఆ చిన్న చిన్న రంధ్రాల చుట్టూ పొద్దస్తమానం వంగి కూర్చుని దారం చుట్టడం. బొంగరానికి అంతకు మించిన చెర లేదని ఆ అక్కకు తెలుసు. తెలిసే ఆ మాట అంది.

ఇక్కడ కూడా కూర్చోవడమే ఆమెకు గండమైంది. 'ఊరికే చూసే పాఠం' అని ఒకటుండేది. గోడ వారగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఒక్క పిల్లవాణ్ణే చూడాలి. బొమ్మ అందకపోతే అందివ్వకూడదు. ఎలా అందుకుంటాడో, ఎప్పుడు వదిలేస్తాడో చూడాలి. బొంగరం బుద్ధిగానే కూర్చునేది. కాసేపటికి కాలి బొటనవేలు ఆడేది. తర్వాత మోకాలు. ఆ తర్వాత చూస్తే గోడ దగ్గర మనిషి ఉండేది కాదు. ఎవరి ముక్కో తుడుస్తూనో, కూలబోతున్న చెక్క దిమ్మల గోపురానికి చెయ్యి అడ్డం పెట్టో కనిపించేది.

"నీ కింద ముళ్ళేమైనా ఉన్నాయా?" అంది పెద్ద టీచరు ఒకరోజు.

"ముళ్ళయితే ఏరి పారేద్దును టీచరుగారూ. స్ప్రింగులు."

"ఆ గోపురం పడితే ఏమవుతుందో చూద్దామని వాడు కట్టుకున్నాడు. నువ్వు చూడనివ్వలేదు."

బొంగరం తల వంచుకుంది. వంచుకున్న తలతోనే పక్కన దొర్లుతున్న బంతిని కాలితో ఆపింది.

ఆ రోజుల్లోనే మిరియం వచ్చింది. రెండేళ్ళు దాటిన పిల్ల. చూడ్డానికి గింజంత, నోరు తెరిస్తే మంట అని వంటామె పెట్టిన పేరది. తల్లి ఆసుపత్రిలో నర్సు. పిల్ల బొమ్మలవైపు తిరిగిన మరుక్షణం ఆ తల్లి పిల్లిలా జారుకునేది. పిల్ల వెనక్కి తిరిగి చూసుకుని, తలుపు దగ్గరికి పరుగెత్తి, అక్కడే కూర్చుని గొంతు పోయేదాకా ఏడ్చేది. మూడో రోజు బొంగరం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"చెప్పి వెళ్ళండి."

"చెప్తే ఏడుస్తుందమ్మా. నాకు డ్యూటీకి ఆలస్యమవుతుంది."

"చెప్పకపోయినా ఏడుస్తోందిగా. చెప్పి వెళ్తే కాసేపు ఏడ్చి ఊరుకుంటుంది. చెప్పకుండా వెళ్తే రేపు మీరు పక్కనే ఉన్నా మాయమైపోతారేమోనని కొంగు వదలదు."

కేంద్రం నియమం కూడా అదే. మిగతావాళ్ళు దాన్ని మెత్తగా చెప్పేవాళ్ళు, బొంగరం గుమ్మం దగ్గర కాపలా కాసేది. కొన్నాళ్ళకు నర్సు వంగి, పిల్ల ముఖంలో ముఖం పెట్టి, "వెళ్ళొస్తా, సాయంత్రం వస్తా" అనడం నేర్చుకుంది. మిరియం ఏడ్చేది, చెయ్యి ఊపేది, మళ్ళీ ఏడ్చేది. తర్వాత బొంగరం కాళ్ళకు చుట్టుకునేది.

మధ్యాహ్నం నిద్రే ఎవరికీ లొంగలేదు. తెరలు దించి, చాపలు పరిచి, పిల్లల్ని వరసగా పడుకోబెట్టి ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు వీపు మీద తడుతూ జోకొట్టేవారు. మిరియం మాత్రం చాప మీద పెట్టగానే విల్లులా వంగేది. ఒకరోజు బొంగరం దాన్ని ఎత్తి భుజాన వేసుకుని వరండాలోకి నడిచింది. కొక్కాల దగ్గర్నుంచి కుళాయిల దాకా, అక్కడ మలుపు తిరిగి మళ్ళీ కొక్కాల దాకా. నా బల్ల ముందు నుంచే ఆ నడక. మొదట రెండు కళ్ళూ గుడ్లగూబలా నన్ను చూస్తూ పోయేవి. పోనుపోను సగం మూసుకునేవి. ఆఖరికి భుజం మీద నోరు తెరుచుకుని ఉండేది.

అప్పటినుంచి అదే ఆనవాయితీ అయిపోయింది. నిద్ర పట్టని పిల్లకు నడక కావాలి. కూర్చోలేని మనిషికి నడవడానికో కారణం కావాలి. ఆ మధ్యాహ్నాల్లో బొంగరం ముఖంలో ఒక తేట కనిపించేది. "ఇది నా దగ్గర తప్ప పడుకోదు పిన్నిగారూ" అనేది నాతో, గొంతు తగ్గించి, గొప్పగా.

ఏడాదిలో మూడువంతులు గడిచాక బొంగరానికి జ్వరం వచ్చి ఒకరోజు రాలేదు. ఆ మధ్యాహ్నం మిరియం ఏడుపుకు పడకగది మొత్తం లేచింది. వంటామె ఎత్తుకుంది, పెద్ద టీచరు ఎత్తుకుంది, అప్పుడే కొత్తగా చేరిన అమ్మాయి ఎత్తుకుని తనూ ఏడ్చింది. మర్నాడు బొంగరం రాగానే పెద్ద టీచరు ఆమెను నా బల్ల దగ్గరే ఆపింది.

"నిన్న నీ పిల్ల నిద్రపోలేదు."

"నాకోసం చూసిందా?" బొంగరం ముఖం విప్పారింది.

"చూసింది. అందుకే చెప్తున్నా. పరీక్షకు వచ్చే ఆవిడ నువ్వేం చేస్తావో చూడదు. నిన్ను వంటగదిలో కూర్చోబెట్టి, నువ్వు లేని గదిని చూస్తుంది. నీకు అప్పగించిన పిల్లలు వేరేవాళ్ళ చేతుల్లో తినాలి, ఆడాలి, పడుకోవాలి. ఒక్క పిల్ల పడుకోకపోయినా నువ్వు తప్పినట్టే."

"అంటే... దాన్ని నేను బాగా చూసుకోవడం తప్పా టీచరుగారూ?"

"బాగా చూసుకున్నావు. నడకే నిద్రని నేర్పావు. ఇంతమంది పిల్లలున్న గదిలో ఇంకెవరు నడుస్తారు? ఇది చాప మీద పడుకోవాలి. దానికి నువ్వు ముందు చాప మీద పడుకోవాలి, కదలకుండా."

ఆవిడ వెళ్ళిపోయింది. బొంగరం నా గమ్ము డబ్బా మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది.

"ఇదేం పరీక్షండీ పిన్నిగారూ. ఎక్కడైనా బాగా చేస్తే నువ్వు లేకపోతే గడవదంటారు. ఇక్కడేమో గడవాలట." డబ్బాను బల్ల అంచుదాకా తోసి వెనక్కి లాక్కుంది. "బట్టల కొట్లో మానేసిన మర్నాడు అటుగా వెళ్ళాను. నా స్టూలు మీద వేరే అమ్మాయి కూర్చునుంది. నన్ను చూసి నవ్వి, ఏం కావాలండీ అంది. నేను లేకపోతే గడవని చోటు ఇదొక్కటే దొరికింది నాకు."

మూత పెట్టేసి కదిలింది. అక్క కొట్టు, ఆ కాజాలు ఆమె కళ్ళముందు తిరుగుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది.

ఆ మధ్యాహ్నమే చాప మీద పడుకుంది. మిరియం నమ్మలేనట్టు చూసింది. జడ పట్టుకుని లాగింది, చెయ్యి పట్టుకుని లేవదీసింది, ఆఖరికి ఆమె పొట్ట మీదెక్కి అరిచింది. బొంగరం లేవలేదు. కానీ ఒంట్లో ఏ భాగమూ పడుకోలేదు. పాదాలు ఊగుతున్నాయి. ఒక పాదాన్ని రెండో పాదంతో తొక్కిపెట్టింది. రెండూ కలిసి ఊగాయి.

"తాడు తేనా? కట్టేస్తా" అంది వంటామె గుమ్మంలోంచి, పళ్ళ బిగువున నవ్వాపుకుంటూ.

"తెండి వదినా. పుణ్యముంటుంది."

రెండు వారాలు అలాగే నడిచింది. ఒకరోజు పిల్ల అలిసిపోయి పడుకునేది, మరోరోజు బొంగరమే ఓడిపోయి, ఎవరూ చూడకుండా ఎత్తుకుని వరండాలోకి వచ్చేసేది. నేను చూసేదాన్ని. ఆమె నా వైపు చూడకుండా నడిచేది.

తర్వాత ఒక మధ్యాహ్నం చాప దగ్గర కొత్త సంగతి కనిపించింది. ఆమె పాదాలు నిశ్చలంగా ఉన్నాయి. చెయ్యి మాత్రం మిరియం వీపు మీద ఆడుతోంది. అందరూ జోకొట్టే తీరు కాదది. కాసేపు గమనిస్తే గాని నాకు అర్థం కాలేదు. అది ఆమె నడక. కొక్కాల దగ్గర్నుంచి కుళాయిల దాకా ఎన్ని అడుగులుంటాయో అన్ని దెబ్బలు మెత్తగా వేసి, మలుపు దగ్గర ఆగి, చేతిని చిన్నగా తిప్పి, మళ్ళీ మొదలుపెడుతోంది. కాళ్ళను తెచ్చి అరచేతిలో పెట్టుకుంది. మిరియం కళ్ళు సగం మూసుకుని, మలుపు దగ్గర ఒకసారి తెరిచి, మళ్ళీ మూసుకుంది.

ఆ నడకను కొత్తమ్మాయికి నేర్పింది. తన మోకాలి మీదే కొట్టించి చూసేది.

"అలా పరుగెత్తకు. మనం నీళ్ళ బిందె మోస్తున్నట్టు నడవాలి. ఆ, ఇప్పుడు మలుపొచ్చింది. ఆగు."

"మలుపెక్కడొచ్చిందక్కా? మోకాలేగా."

"నీకు మోకాలు. దానికి కుళాయిలు. అక్కడ ఆగకపోతే లేచి కూర్చుంటుంది."

ఆపైన బొంగరం చాప నుంచి దూరం జరగడం మొదలైంది. మొదట చెయ్యి చాస్తే అందేంత దూరం. తర్వాత చాపల అర పక్కన. తర్వాత గుమ్మం. చివరికి తెర అవతల. ప్రతి చోటా ఒకటి రెండు రోజులు మిరియం తల ఎత్తి చూసుకునేది. ఉందని తేల్చుకుని తల వాల్చేది. తెర అవతలికి వెళ్ళిన రోజు తెర కిందనుంచి కనిపించే పాదాలను చూసుకుంది. మర్నాడు పాదాలు కూడా లేవు. పిల్ల గొణిగింది, కొత్తమ్మాయి చెయ్యి నడిచింది.

పరీక్షకు వచ్చినావిడ కళ్ళద్దాలు పెట్టుకున్న లావుపాటి మనిషి. నెమ్మదిగా వచ్చి, చెప్పులు గూట్లో పెట్టి, పడకగదిలో ఒక మూల నేల మీద కూర్చుంది. బొంగరం వంటగదిలోకి వెళ్ళింది. తోమిన పళ్ళాలు మళ్ళీ తోమింది. వంటామె వాటిని లాక్కుని పక్కన పెట్టింది. నేను అతికించాల్సిన పుస్తకం తెరిచి పెట్టుకుని అతికించకుండా కూర్చున్నాను.

తెరలు దించారు. కాసేపటికి మిరియం గొంతు లేచింది. ముందు గొణుగుడు, తర్వాత ఏడుపు, తర్వాత ఆ పాత మంట. "అత్తా" అని అరిచింది. బొంగరం వంటగది గుమ్మంలోకి వచ్చేసింది. ఒక కాలు గడప మీద ఉంది.

"దాటావంటే కాజాలే" అంది వంటామె, వెనకనుంచి మెల్లగా.

బొంగరం రెండు చేతులతో గుమ్మం పట్టుకుంది. ఏడుపు ఒకసారి తెగింది, మళ్ళీ అందుకుంది, మలుపు దగ్గర ఆగినట్టు ఆగింది. తర్వాత ఇంకేమీ వినపడలేదు. నీళ్ళ మోటారు ఆగిపోయినప్పుడు ఇల్లంతా ఒక్కసారి ఖాళీ అయినట్టుంటుందే, అలా ఉంది. బొంగరం వెనక్కి వెళ్ళి పీట మీద కూలబడింది.

"పడుకుంది" అంది. ఆ గొంతులో సంతోషముందో లేదో నేను చెప్పలేను. "మళ్ళీ పిలవలేదు వదినా."

"పిలవకూడదనేగా ఇన్నాళ్ళూ చచ్చావు."

"అవును."

నెగ్గింది. ఆ సాయంత్రం వాళ్ళ అక్క కొట్టు మూసేసి వచ్చింది. చెల్లెల్ని ఎగాదిగా చూసి, "అయితే ఒకటి పూర్తి చేశావన్నమాట" అని, ఆమె భుజం మీద లేని దారప్పోగును దులిపింది. ఊరి అవతలి కేంద్రంలో ఉద్యోగం ఖాయమైంది. నెల మారగానే చేరాలి.

చివరి రోజు పిల్లలు నిద్ర లేచి పాలు తాగాక వాళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పాలని పెద్ద టీచరు అంది. ఎవరు వెళ్ళినా అక్కడ అలాగే చేస్తారు. పొద్దున్న బొంగరం నా బల్ల ముందు నిలబడి ఆ మాటలు నేర్చుకుంది. "రేపటి నుంచి బొంగరమత్త వేరే పిల్లల దగ్గరికి వెళ్తుంది. ఇక్కడ కొత్తక్క ఉంటుంది. మీరందరూ బాగా తినాలి." అక్కడికి వచ్చి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"చెప్పడం కష్టం కాదు పిన్నిగారూ. ఎత్తుకోకుండా చెప్పాలి. ఎత్తుకున్నానంటే నా కాళ్ళు నా మాట వినవు. మళ్ళీ వరండా పట్టేస్తాను. ఇన్నాళ్ళ పనీ నీళ్ళపాలు."

"ఎత్తుకోకు మరి."

"అది చేతులు చాస్తే?"



మధ్యాహ్నం చాపలు పరిచారు. కొత్తమ్మాయి మిరియం పక్కన కూర్చుని చెయ్యి వేయబోయింది. మిరియం ఆ చెయ్యి తోసేసింది. తన గుడ్డబొమ్మను బోర్లా పడుకోబెట్టి దాని వీపు మీద అరచేత్తో కొట్టింది. కొట్టి కొట్టి, ఒకచోట ఆగి, చిట్టి చేతిని తిప్పి, మళ్ళీ కొట్టింది. అలా కొడుతూ కొడుతూ తనే నిద్రపోయింది.

బొంగరం గోడ వారగా కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఎవరూ కూర్చోమని చెప్పలేదు. ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయింది. నేను ఆమె పాదాల వైపు చూశాను, బొటనవేలి వైపు చూశాను. ఏదీ ఆడలేదు. పిల్లలు నిద్రపోయినంతసేపూ అలాగే ఉంది.

వంటగదిలో పాలగిన్నె మీద మూత చప్పుడైంది. ఒక పిల్లవాడు ఒళ్ళు విరుచుకున్నాడు. మిరియం అటునుంచి ఇటు ఒత్తిగిలి, నిద్రలోనే చెయ్యి చాచి చాప మీద తడుముకుంది.

బొంగరం లేచింది. కొక్కానికి ఉన్న సంచీ తీసుకుంది, గూట్లోంచి చెప్పులు తీసి చేత్తో పట్టుకుంది. నా వేళ్ళకు గమ్ము, నోటిదాకా వచ్చిన పిలుపు. పిలిస్తే పిల్లలు లేస్తారు. వంటామె గుమ్మంలోకి వచ్చి, పిల్లలకు చెప్పకుండా ఎక్కడికన్నట్టు చెయ్యి తిప్పింది. బొంగరం అటు చూడలేదు. ఉత్త పాదాలతో నా బల్ల ముందు నుంచి వరండా పొడుగునా నడిచి, కుళాయిల దగ్గర మలుపులో అలవాటుగా ఒక్క క్షణం ఆగింది. ఆ మలుపులోంచే వీధి గేటుకు దారి. కిటికీలోంచి చూసేసరికి గేటు దాటేసింది. చెప్పులింకా చేతిలోనే ఉన్నాయి. నడక కాదది, పరుగే.